అత్తమ్మ తిన్నాకే

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దని మా ఊరు పెద్దమందడిలో అందరూ అంటుంటే, చింతకాయల కోసం సరిగ్గా అప్పుడే పోయిన మనిషిని. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. ఏమనుకోవాలో మాత్రం నాకూ తెలియదు.

మా అత్తమ్మకు గొంతు కేన్సర్. మా ఆయన పూణేలో మేస్త్రీ పని చేస్తాడు, కాబట్టి హైదరాబాద్ దవాఖానలో ఆమె పక్కన ఉన్నది నేనే.

అత్త తిన్నాకే కోడలు తినాలనేది మా ఇంటి పద్ధతి. పెట్టింది అత్తమ్మే. అయితే ఆఖరి జొన్నరొట్టెకు నూనె, ఉప్పు, కారం రాసి, నాలుగు మడతలు పెట్టి, నా కోసం మూత కింద దాచేది కూడా ఆమే.

ఆమెకు ముక్కులోంచి గొట్టం వేశాక నోటితో తినడం ఆగిపోయింది. నా వంతు రావడమూ ఆగిపోయింది. తినబోతే ఆమె ముఖం గుర్తొచ్చి ముద్ద గొంతు దిగేది కాదు. చాయ్‌తో నెట్టుకొచ్చాను. వచ్చినవాళ్లంతా అత్తమ్మ ఎట్లుందని అడిగేవాళ్లు. నన్నెవరూ అడగలేదు. నాకు కోపం కూడా వచ్చేది.

ఒకరోజు వార్డు వరండాలో కళ్లు తిరిగి పడిపోయాను. మా ఆయన పని వదిలి వచ్చి, తనుంటానని, ఇంటికి పోయి కాస్త పడుకోమని పంపాడు.

వనపర్తిలో బస్సు దిగి, ఆటోలో ఊరు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. వేరే తాళంచెవి లేదు.

వంటింట్లో పెనం వెచ్చగా ఉంది. మూత తీస్తే జొన్నరొట్టె, నాలుగు మడతలు.

పక్కింటివాళ్ల పని అనుకుందును. కానీ అత్తమ్మ చూపుడు వేలి కొన ఎప్పుడో గడ్డి మిషన్‌లో పోయింది. ఆమె తట్టిన రొట్టె మీద మిగతా వేళ్ల పక్కన ఒక పొట్టి అచ్చు పడుతుంది. మడత విప్పాను. ఆ అచ్చు ఉంది.

భయం వేయాలి. ఆకలేసింది. కింద కూర్చుని ఏడుస్తూనే మొత్తం తిన్నాను.

అంతలో మా ఆయన ఫోన్.

"అమ్మ ఇప్పుడే లేసింది. రొట్టె తట్టినట్టు అరచేతులు ఒకటే తడ్తుంది. గొట్టం ఉండంగ రొట్టె ఎట్ల పెడ్త?"

"ఆమెకు కాదు. కోడలు తిన్నదని చెప్పు."

చెప్పాడు. చేతులు ఆగాయట.

నేను మళ్లీ దవాఖానకు పోయాను. అత్తమ్మ ఎక్కువ కాలం బతకలేదు. ఉన్నన్నాళ్లూ ఆమె ముందే కూర్చుని వేళకు తిన్నాను, ఆమె చూస్తుండేది.

ఆ రొట్టె ఎట్లా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఒక మాట మాత్రం మా ఆయనకు కూడా చెప్పలేదు. నేను మూత తీసేటప్పటికే రొట్టె అంచున చిన్న ముక్క తుంచి ఉంది. అత్తమ్మ తిన్నాకే నేను తిన్నాను.