రెండో దూడ

నా చిన్నప్పుడు మేం సౌదీలో, రాబిగ్ దాటి ఇసుకలో చాలా దూరం పోతే వచ్చే ఒక పశువుల ఫారంలో ఉండేవాళ్ళం. ఓడల్లో దిగిన బక్క దూడలను అక్కడ కొన్ని నెలలు మేపి, కండ పట్టాక కోతకు పంపేవారు. నాన్న దాణా మిల్లులో మెకానిక్. దూడల సంగతి చూసేది మా పక్క గదిలో ఉండే జగిత్యాల కాక.

సౌదీ వాళ్ళకే ఉద్యోగాలివ్వాలని నితాకత్ చట్టం వచ్చిన రోజులవి. సౌదీలు తక్కువున్నారని కంపెనీ ఎరుపు జాబితాలో పడిందని, అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కావడం లేదని, చిన్న సాకు దొరికినా ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని నాన్న రోజూ ఇంట్లో అనేవాడు.

నాకేమో కొత్తగా వచ్చిన దూడల మీదే ధ్యాస. డొక్కలు ఎండిన వాటికి కాక ఒట్టి ఎండుగడ్డే వేస్తున్నాడు. ఎంత పిసినారి మనిషి అని ఒళ్ళు మండింది. ఒకరోజు పొద్దున్నే మిల్లులోంచి బార్లీ పిండి తెచ్చి, కంచె దగ్గరికొచ్చిన రెండు దూడలకు చెరో బకెట్ పెట్టాను. ఆవురావురుమంటూ నాకేశాయి. నేను తెగ మురిసిపోయాను.

మధ్యాహ్నానికి అందులో ఒకటి కిందపడి కాళ్ళు కొట్టుకుంటోంది. ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుపోయింది, నాలుక బయటికొచ్చింది. కాక పరుగున వచ్చి మా అందరి వైపు చూశాడు.

"గొంతుల ఏమన్న అడ్డం పడ్డదా, దాణా మెక్కిందా? తెల్వకుంటె మందెట్ల పోయాలె? ఎవలన్న ఏమన్న పెట్టిన్రా?"

నాన్న అక్కడే ఉన్నాడు. "నేనే కాకా, బార్లీ పెట్టిన" అన్నాను.

"ఇదొక్కదానికేనా బిడ్డా?"

నాన్న ముఖం పాలిపోయి ఉంది. "ఒక్కదానికే" అన్నాను.

కాక మొన ఉన్న ఇనుప గొట్టం తీసి దూడ డొక్కలో గుచ్చాడు. చంపేస్తున్నాడనుకుని కెవ్వుమన్నాను. పుల్లటి కంపుతో గాలి బుస్సున బయటికొచ్చింది. తర్వాత నోట్లోకి వంటసోడా నీళ్ళు పోశాడు. సాయంత్రానికి అది లేచి నిలబడింది.

"ఆకలి మీదున్న కడుపుకు దాణా ఇసం బిడ్డా. అలవాటు అయ్యేటందుకు ఇరవై దినాలు పడ్తది" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా రెండోదాని సంగతి చెప్పలేదు. అది మూలన ఊరికే పడుకునే ఉంది కదా, ఏమీ కాలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున అది ఆ మూలనే చచ్చి పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి వెంట్రుకలకు బార్లీ పిండి అట్టకట్టి ఉంది. సూపర్‌వైజర్ జీపు గేటు దగ్గరికి వస్తోంది. కాక భుజం మీది తువ్వాలు తీసి, దాని మూతి శుభ్రంగా తుడిచాడు.

"తప్పు నాదే బిడ్డా. ఇంకోపారి అడగకపోతి" అన్నాడు.

కొత్త దూడల్లో ఒకటీ అరా పోవడం మామూలేనని ఎవరూ ఆరా తీయలేదు. నాన్న ఉద్యోగానికీ ఏమీ కాలేదు. కాక తిట్టి ఉంటే ఆ రోజే ఏడ్చి మరిచిపోయేదాన్నేమో.

ఇప్పుడు మా పిల్లలు ఏదైనా తప్పు ఒప్పుకుని "అంతేనమ్మా" అంటే, నేను అక్కడితో వదలను. కాసేపయ్యాక, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, మెల్లగా రెండోసారి అడుగుతాను.