చిన్నవాడు అనే పేరు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా కొడుకు నెలలు నిండకుండానే పుట్టాడు. బొల్లాపల్లిలో నొప్పులు మొదలైతే నరసరావుపేట ఆసుపత్రికి తీసుకొచ్చారు, కాన్పు కాగానే బిడ్డను నా ఒళ్ళో పెట్టకుండా అద్దాల పెట్టెలో పెట్టేశారు, ఊపిరి సరిగా అందడం లేదు, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ అంది.

మా అత్తయ్య పేరు పెట్టనివ్వలేదు. "పేరు పెట్టి పిలిచినాక పోతే చానా కష్టం అమ్మాయ్. బతికినాక చూద్దాంలే" అంది. ఆమె చెడ్డది కాదు, భయపడింది. నేనూ భయపడి సరేనన్నాను.

ఇంతలో మా సంఘం పాస్టరమ్మగారు ఫోను చేసి, అందరం ఉపవాసముండి ప్రార్థిస్తున్నాం, బాబు పేరేమిటని అడిగారు. నేను నోరు తెరవకముందే నా భర్త ఫోను లాక్కుని "పౌలు" అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను! పెళ్ళయిన దగ్గర్నుంచి మందిరం గడప తొక్కని మనిషి, నేను బైబిలు తీస్తే లేచి బయటికి పోయే మనిషి! ఆయనకు తెలిసిన క్రైస్తవుల పేరు అదొక్కటేనట.

సాయంత్రం పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆ పేరుకు అర్థమేమిటని అడిగాను. "అది రోమీయుల పేరమ్మా, లాటిన్ మాట. చిన్నవాడు అని అర్థం" అన్నారు.

"ఏందయ్యగారూ, అరచేతిలో పట్టే బిడ్డకి చిన్నోడని పేరా? మార్చండి" అన్నాను, నర్సు తిరిగి చూసేంత గట్టిగా. అయ్యగారు నొచ్చుకోలేదు. బైబిల్లోని పౌలు అపొస్తలుడికే సౌలు అనే హెబ్రీ పేరు కూడా ఉంది, అడిగి పొందినవాడని అర్థం, కావాలంటే అది పెట్టుకోండన్నారు. నాకది నచ్చింది. నా భర్త ఒప్పుకోలేదు.

"వద్దయ్యగారూ. ఉన్నమాటే చెప్పి అడుగుదాం" అని, ఆయన బిడ్డ ఉన్న పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టి, జీవితంలో మొదటిసారి ప్రార్థన చేశాడు. "ప్రభువా, నాకు ప్రార్థన చేతగాదు. వీడు చిన్నోడు. మమ్మల్ని ఎత్తుకోనియ్యట్లేదు. నువ్వు ఎత్తుకుని, మళ్ళీ మా చేతికియ్యి."

నా కోపమంతా ఏడుపైపోయింది. ఆ రోజు నుంచి వాడి ఊపిరి కొద్దికొద్దిగా కుదుటపడింది, గొట్టాలు తీసేశారు, చివరికి నా చేతికిచ్చారు, ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతున్నాడు. మహిమంతా దేవునిదే, మాది ఏమీ లేదు.

ఆ వార్డు నుంచి బిడ్డలందరూ ఇంటికి రాలేదు సహోదరులారా, నేను కళ్ళారా చూశాను. అందుకే అడుగుతున్నాను, మీ బిడ్డ ఈరోజు అలాంటి చోట ఉంటే, బతికినాక చూద్దామని ఆగకండి. ఇప్పుడే పేరు పెట్టండి, ఆ పేరుతోనే దేవుణ్ణి అడగండి. ఏడవాల్సి వస్తే, పేరు పెట్టి పిలిచి ఏడుద్దాం.