పెద్దమ్మ హారతిచ్చిన డిస్క్

నా చేతిలోంచి వెళ్లిన డిస్క్ ఆయిల్‌పామ్ చెట్టు దాటాక ఎవరో పిలిచినట్టు ఎడమవైపు తిరిగి, గొలుసులకు తగిలి, గలగలమంటూ బుట్టలో పడింది. క్యాంటీన్ మెట్ల మీద కూర్చున్న పెద్దమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా కోసం ఒక మనిషి లేచి చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఆ ఆనందం డిస్క్‌ను బుట్టలోంచి పైకి తీసేదాకా నిలిచింది.

చదువుకునే వయసులో, తను ఏ ఆటకూ పనికిరాడని తేలిపోయినవాడికి కూడా ఏదో ఒక ఆట మిగులుతుంది. నాకు మిగిలింది డిస్క్ గోల్ఫ్. కువాలా సెలంగోర్ వైపు, ఒకప్పటి ఎస్టేట్ నేలలో కట్టిన కాలేజీ మాది. కొట్టకుండా వదిలేసిన చెట్ల మధ్య అక్కడక్కడ ఇనుప స్తంభాలు పాతి, ఒక్కోదానికి ఒక బుట్ట, దాని పైన వేలాడే గొలుసులు అమర్చారు. ప్లాస్టిక్ డిస్కులు విసురుకుంటూ వెళ్లి బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో ముగించినవాడు గెలిచినట్టు. పరుగెత్తనక్కరలేదు, కండబలం అంతగా అక్కరలేదు (డిస్క్ కాలవలో పడితే దిగి తెచ్చుకునే ధైర్యం మాత్రం కావాలి, అక్కడ కాపురముండే ఉడుములు మా కోచ్ కన్నా సీనియర్లు).

అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. బంటింగ్‌లో గ్లౌజుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూనే, మా స్కూల్లో ఆటల పోటీలంటే సెలవు పెట్టుకుని వచ్చేది. నేను పద్ధతి తప్పకుండా ఆఖరున వచ్చేవాణ్ణి. "పరవాలేదు, పడిపోకుండా వచ్చినావు కదా," అనేది. ఒక్కసారి నేను గెలవడం చూడాలని ఆమెకు ఎంత ఉండేదో ఆ మాటలోనే తెలిసేది. అందుకే, ఇపోలో జరగబోయే కాలేజీల పోటీకి జట్టులో ఒక చోటు మిగిలిందనీ, దానికోసం నేనూ నా గదిమిత్రుడూ తలపడుతున్నామనీ ఫోన్లో చెప్పగానే, క్లాంగ్‌లో బస్సు మారి ఆ ఆట రోజు పొద్దున్నే దిగిపోయింది. గదిమిత్రుడు చైనీస్ కుర్రవాడు. ఏ పనైనా పెద్ద వ్యాపారిలా ఆలోచించి చేస్తాడని మేమందరం అతన్ని తౌకే అని పిలిచేవాళ్లం.

హాస్టల్ ముందు బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి టీ తేవడానికి వెళ్లాను. వచ్చేసరికి పెద్దమ్మ నిలబడి ఉంది, చేతిలో నా తెల్ల డిస్క్, దాని నడిమధ్య కర్పూరం భగభగ మండుతోంది.

"ఏటి సేస్తున్నావు పెద్దమ్మా?"

"కదలకు. కొత్త బండి కొంటే హారతియ్యమా ఏటి? పళ్ళెం మరిసిపోయి వచ్చినాను. నీ సంచిలో ఇది దొరికినాది. మంచి పళ్ళెం, లా." (మాట చివర "లా" తగిలించడం ఇక్కడి అలవాటు.)

హారతి ఇస్తున్న మనిషి చేతిలోంచి పళ్ళెం లాక్కోవడం మా ఇళ్లలో పుట్టినవాడు చేసే పని కాదు. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. నుదుట విభూతి పడ్డాక కళ్లు తెరిస్తే, డిస్క్ మధ్యభాగం అప్పంలా కుంగి, అంచు ఒకవైపు పైకి లేచింది. దగ్గరి విసుర్లకు నా దగ్గరున్నది అదొక్కటే. పెద్దమ్మ ముఖం చిన్నబోయి, పాడైపోనాదేటని అడిగింది. లేదు, ఇది మొదటినుంచీ ఇంతే అన్నాను. ఇదిగో, ఆ వంకరే ఆఖరి బుట్ట దగ్గర నా డిస్క్‌ను చెట్టు చుట్టూ తిప్పి తీసుకెళ్లింది.

బుట్టలోంచి దాన్ని తీస్తుంటే తౌకే చూశాడు. "ఇది ఎందుకిలా వంకరపోయింది?" అన్నాడు, కేవలం ఆశ్చర్యంతోనే. మా కోచ్ దగ్గరికి వచ్చారు. ఆయన మలయ్ లెక్చరర్, మేం చెగు, అంటే మాస్టారు, అనేవాళ్లం. డిస్క్ మీద వేలు రాసి, వాసన చూసి, నా నుదుటి వైపు చూశారు. జరిగింది చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నారు. వేడి తగిలి ఆకారం మారిన డిస్క్ చెల్లదనీ, ఆ విసురు లెక్కలోకి రాదనీ, తౌకే డిస్క్ తీసుకుని ముందు విసిరిన చోటినుంచే మళ్లీ వెయ్యమనీ, తనే తప్పు చేసినట్టు గొంతు తగ్గించి చెప్పారు. వేశాను. మంచి డిస్క్ కదా, ఎటూ వంగకుండా తిన్నగా వెళ్లి, చెట్టు దాటి బుట్టకు కుడిపక్క గడ్డిలో పడింది. ఇపో తౌకేది అయిపోయింది.

ఈ తతంగం జరుగుతున్నప్పుడు పెద్దమ్మ మెట్ల మీద లేదు. నేను గెలిచానని క్యాంటీన్ లోపలికి వెళ్లింది. అందరికీ గులాబీరంగు పాల షర్బత్ ట్రేలో పెట్టుకుని వస్తోంది. మొదటి గ్లాసు తౌకే చేతిలో పెట్టి, మలయ్‌లో ఓదార్చింది: "నువ్వు కూడా బాగానే ఆడావు బాబూ. ఈసారి మావాడి వంతు. వచ్చేసారి నీది."

తౌకే గ్లాసును రెండు చేతులతో అందుకున్నాడు. "అవును ఆంటీ," అన్నాడు. "ఇవాళ మీవాడే బాగా ఆడాడు." చెగు చెట్ల కొమ్మలను శ్రద్ధగా పరిశీలిస్తూ తన గ్లాసు ఖాళీ చేశారు. నా ఓటమికి నేనూ ఒక గ్లాసు తాగాను. చక్కెర ఎక్కువైంది.

జట్టు ఇపో వెళ్లివచ్చాక తౌకేను కూర్చోబెట్టి అక్కడి నేల, గాలి, భోజనం, ఎవరు ఎలా ఆడారు, అన్నీ అడిగి, పెద్దమ్మ అడిగితే నేనే ఆడినట్టు చెప్పాలని బట్టీ పట్టాను. (తరవాత నేను పత్రికలో ఆటల పేజీకి చేరినప్పుడు, చూడని మ్యాచ్‌ను చూసినట్టు రాస్తున్నావని మా ఎడిటర్ మెచ్చుకున్నాడు. శిక్షణ అక్కడిదే.) ఎంత తయారుగా ఉన్నానంటే, ఆ ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు పరీక్ష హాలు బయట నిలబడిన పిల్లవాడిలా అన్నీ మరోసారి మనసులో అప్పజెప్పుకున్నాను. తిన్నావా అని అడిగింది. వాన పడుతున్నాదా అని అడిగింది. పెట్టేసింది. అంత కష్టపడి చదువుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ జాలీ నవ్వూ కలిసి వస్తాయి.

ఆ క్యాంటీన్ కౌంటర్ ఎదురుగా ఒక పెద్ద కిటికీ ఉంది. అందులోంచి ఆఖరి బుట్ట బాగా కనిపిస్తుంది. షర్బత్ కలిపేంతసేపూ ఆమె ఎటు చూస్తూ నిలబడిందో నాకు తెలియదు. ఇపోలో ఆట ఏమైందని మాత్రం పెద్దమ్మ ఇంతవరకూ నన్ను అడగలేదు.