ఫైబరు పూసిన బ్యాటు

కరోనా సెలవులు ముగిసి మళ్ళీ ఆటలు మొదలైన ఏడాది, పుదుచ్చేరి టౌనులోని ఒక క్రికెట్ మైదానంలో నేను స్టోరు సహాయకురాలిని. సామాను అప్పగించడంతోపాటు, మ్యాచికి ముందు అంపైరుగారి పక్కన నిలబడి బ్యాట్లను గేజీలో పెట్టి చూడడం నా పని.

గేజీ అంటే బ్యాటు అడ్డంగా కోస్తే కనిపించే ఆకారంలో కన్నం ఉన్న పలక. వెడల్పు పది పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు, మధ్యలో లావు ఆరు పాయింట్ ఏడు, అంచు నాలుగు దాటకూడదు. బ్యాటు అందులో జారిపోతే సరే, ఎక్కడ పట్టుకున్నా పక్కన పెట్టాల్సిందే. పొడవుకు పేర్లు వేరే ఉన్నాయి. పెద్దవాళ్ళ మామూలు బ్యాటును షార్ట్ హ్యాండిల్ అంటారు, దానికన్నా కాస్త పొట్టిది హారో.

ఆ రోజు ఆడపిల్లల సెలెక్షన్ మ్యాచి. సముద్రం ఒడ్డు వైతికుప్పం పిల్ల ఎం. రేవతి హారో బ్యాటు అంచు దగ్గర ఇరుక్కుంది. ముందు వారం అంచు చీలితే వాళ్ళ నాయన మునస్వామి బాగుచేశాడట. ఆయన ఫైబరు పడవలు మరమ్మతు చేసే మనిషి. బ్యాటునూ పడవలాగే చూశాడు. ఫైబరు గుడ్డ పరిచి, ఎండితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు పూసి, ఎండాక ఇంకో పొర వేశాడు. అద్దంలా మెరుస్తోంది, పాపం.

స్టోరులో ఉన్నవన్నీ షార్ట్ హ్యాండిళ్ళే. రేవతి పొట్టి మనిషి. ఒకటి ఎత్తి చూసి, “ఇది బ్యాటా తెడ్డా అక్కా? నేను తిప్పేలోపల బాలు కీపరు చేతిలో ఉంటాది” అంది.

ఆట చూడవచ్చిన మునస్వామికి రోషం వచ్చింది. “ఏంది సార్, అలకే తట్టుకొనే పని నాది. బాలుకి తట్టుకోదా?”

గట్టిదనం సంగతి కాదని అంపైరుగారు నిదానంగా చెప్పారు. బ్యాటు మీద గట్టి పొర ఉండకూడదు, మెత్తటి టేపు చుట్టుకోవచ్చు, అదీ మిల్లీమీటరు మందం మించకుండా. టేపుతో కలిపి గేజీలో దూరాలి.

“నాయనా, పడవకి గేజీ లేదు, దీనికుంది. తీసెయ్” అంది రేవతి.

ఆయన తన చేత్తో ఇంకోసారి దూర్చి చూశాడు. అక్కడే ఆగింది. బండి డిక్కీలోంచి ఉలి, గరుకు కాగితం తెచ్చాడు. నేను పిడి పట్టుకున్నాను. అప్పటికే ఆట మొదలై రెండు వికెట్లు పడ్డాయి. రేవతి ప్యాడ్లు కట్టుకుని మా మీదే కళ్ళు పెట్టి కూర్చుంది. పొరలు లేచి చెక్క బయటపడింది. చీలికలోకి ఇంకిన రెసిన్ మాత్రం దాన్ని విడిపోకుండా గట్టిగా పట్టుకుని ఉంది. పైన ఒక్క చుట్టు టేపు వేశాం. నీళ్ళ విరామంలో అంపైరుగారు వచ్చి గేజీలో పెట్టగానే కింది దాకా జారిపోయింది.

మరో వికెట్ పడి రేవతి వెళ్ళింది. మొదటి బంతే ఆ అంచుకు తగిలి స్లిప్ పక్కనుంచి బౌండరీకి పోయింది.

“ఆ నాలుగూ నావే!” అని మునస్వామి గట్టున నిలబడి అరిచాడు.

“ఊరుకో నాయనా, మానం పోతాది!” అని పిచ్ మీదనుంచే జవాబు. ఫీల్డర్లు కూడా నవ్వారు. మిగతా పరుగులు తనే బ్యాటు నడిమిన కొట్టి తెచ్చుకుంది. సాయంత్రం చదివిన పేర్లలో ఆమె పేరుంది.

అప్పటినుంచి గేజీని ముందురోజు ప్రాక్టీసుకే తీసుకెళ్ళేదాన్ని. బ్యాటు బాగుచేసినవాళ్ళనూ రమ్మని వాళ్ళ చేతే దూర్పించేదాన్ని. బ్యాటు కొలత అంటే కొన్ననాటి చెక్క కొలత కాదు, పైన అంటించినదంతా కలిపి ఆడేనాటి కొలత.