పద్నాలుగు పేజీల పేదరికం

డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆ కాలంలో నాకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నాలాగే నమ్మిన మనిషి ఇంకొకరున్నారు. మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం పై అంతస్తులో చిన్న స్వచ్ఛంద సంస్థ నడిపే మా సెక్రటరీ సారు. (మూడో మనిషి దొరకలేదు. మా నాయిన కూడా అనుమానంగానే చూసేవాడు.) పొద్దున్నే స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి, నిలబడే ప్రయాణం చేసి, యూరియా వాసన మధ్య మెట్లెక్కి కుర్చీలో కూర్చునేవాణ్ణి. నా పని ప్రపోజల్స్ రాయడం. ఊళ్లలో జనానికి ఏం కావాలో రాసి, హైదరాబాదులోని పెద్ద సంస్థలకు పంపి, సాయం చేయడానికి వాళ్లను ఒప్పించాలి. మూడేళ్లు బతిమాలి కూడా ఇంట్లో పాత బైకొకటి కొనిపించుకోలేకపోయిన నాకు ఆ పని ఎలా ఇచ్చారో దేవుడికే తెలియాలి.

సెక్రటరీ సారు మొదటి రోజే మంత్రోపదేశం చేశారు. "సూడు తమ్మీ, మనం రాసింది సదివితె ఆళ్ల కండ్లల్ల నీళ్లు తిర్గాలె. నీళ్లు తిర్గకుంటె ఫైలు కదల్దు." నేను దాన్ని మనసులో పెట్టుకున్నాను. ఇక చూడండి, నేను రాసిన ఊళ్లలో చెట్టన్నది మొలిచేది కాదు. ముసలివాళ్లంతా దగ్గుతుండేవాళ్లు. పిల్లలంతా ఎముకల గూళ్లు. ఏ పెళ్లీ జరిగేది కాదు, ఎవరూ నవ్వేవాళ్లు కారు. ఆ ఊళ్లకు వెళ్లినప్పుడు మాత్రం అక్కడి జనం నన్ను నవ్వించి చంపేవాళ్లు, అది వేరే సంగతి.

అలాంటి సమయంలో డోర్నకల్ దగ్గరి ఒక ఊరి మహిళా సంఘం పని నాకు అప్పజెప్పారు. సంఘం పెద్దను అందరూ మిర్చక్క అనేవాళ్లు. పండించేదీ మిర్చే, మాటా మిర్చే. వాళ్లు మిరపకాయలను ఉత్త నేల మీద ఆరబెట్టుకునేవాళ్లు. అకాల వాన ఒక్కటి పడిందా, ఎర్రటి కాయ తెల్లబారి తాలు అయిపోయేది. ఏడాది కష్టం ఒక్క పూటలో మట్టిపాలు. "ఒక్క సిమెంటు కల్లం, మీద రేకులు. గంతే తమ్మీ. ఇంకేం అడుగం," అంది మిర్చక్క, నా పళ్లెంలో కారంకారంగా సర్వపిండి రొట్టె వేస్తూ. "నా చేతిల పడ్డది గదక్కా, అయినట్టే అనుకో," అన్నాను నోటి నిండా పిండితో. ఎంత పొగరండీ నాకు!

తొమ్మిది రోజులు కూర్చుని పద్నాలుగు పేజీలు రాశాను. ఆ ఊరి ఆడవాళ్లు రెండు పూటలా గంజితో బతుకుతున్నారని రాశాను. పండగకైనా కొత్త బట్ట ఎరగరని రాశాను. ఒక మంచి ఇంగ్లీషు మాట దొరికితే దాని కోసం ఒక కష్టాన్ని పుట్టించాను. సెక్రటరీ సారు చదివి రుమాలుతో కళ్లు ఒత్తుకున్నారు. (ఆయనకు కండ్లకలక అని మర్నాడు తెలిసింది.) "ఇది మంజూరైతె మనం భూపాలపల్లిల కొత్తగ తెరిచే ఆఫీసు నీదే," అన్నారు. ఆ రోజు రైలు కిటకిటలాడుతున్నా నాకు మాత్రం తేలిపోతున్నట్టే ఉంది.

ప్రపోజల్ చదివి, ఊరు చూడడానికి హైదరాబాదు నుంచి ఒక మేడం వస్తున్నారని కబురు వచ్చింది. నేను రాసిన ఊరు అక్కడ లేదు కదా! ముందు రోజే ఊరికి పరుగెత్తి మిర్చక్కను బతిమాలాను. "అక్కా, రేపు జర సాదాగ ఉండుండ్రి. పాత చీరలే కట్టుకోండ్రి. వంటలు గింటలు పెట్టుకోకుండ్రి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆడిబిడ్డ ఇంటికొస్తాంటె పాత చీర కట్టాల్నా? నీకేమన్న తిక్క లేసిందా తమ్మీ?"

మర్నాడు జీపు దిగిన మేడంకు ఎదురుగా పట్టుచీరల వరస నిలబడి ఉంది. లేనివాళ్లు పక్కింట్లో అడిగి కట్టుకున్నారు. మెడల్లోని గొలుసులు కూడా సగం అరువువే. డప్పు మోగింది. మేడంకు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టి, కొత్త చాప మీద కూర్చోబెట్టి నాటుకోడి కూర, గారెలు వడ్డించారు. వచ్చిన మనిషికి ఉన్నది కాక లేనిది కూడా పెట్టడం వాళ్ల పద్ధతి. నేను మాత్రం చెమటలు తుడుచుకుంటూ ఒక మూల నిలబడ్డాను.

మేడం చుట్టూ చూశారు. సంచిలోంచి నా పద్నాలుగు పేజీలు తీశారు. "అమ్మా, మీరు ఏమీ అనుకోకండి. ఇందులో మీరంతా గంజి తాగి బతుకుతున్నారని, ఒంటిమీద సరైన బట్ట లేదని ఉంది," అంటూ నాలుగు వాక్యాలు తెలుగులో చదివి వినిపించారు. డప్పు ఆగిపోయింది. వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

"ఎవలు రాసిండ్రమ్మా గిట్ల?" అని అడిగింది మిర్చక్క. మేడం నా వైపు చూశారు. నేను గారెల వైపు చూశాను.

మేడం చెడ్డ మనిషి కాదు. గొంతు తగ్గించి మళ్లీ అడిగారు. "అది వదిలేయండమ్మా. మీకు కల్లం నిజంగా అవసరమేనా?" అవునన్న ఒక్క ముక్క చాలు. నేను లోపల్లోపల మొక్కుతున్నాను. మిర్చక్క కొంగు సర్దుకుంది. "మాకేం అక్కర్లేదమ్మా. మేం అడుక్కునేటోళ్లం కాదు. నువ్వు తిను, సల్లారిపోతది."

మేడం తిన్నారు. వెళ్లిపోయారు. భూపాలపల్లి ఆఫీసుకు ఇంకెవరో వెళ్లారు. దాని బాధ నాలుగు రోజుల్లో పోయింది. ఆ ఏడు కాయ కోసి నేల మీద పోసిన వారానికే వాన పట్టుకుంది. ఆ బాధ మాత్రం పోలేదు.

వాన వెలిశాక వెళ్లాను. వెళ్లడానికి ముఖం చెల్లలేదు, అయినా వెళ్లాను. ఇళ్లలో మంచాల మీద, ఫ్యాను కింద, పిల్లల పుస్తకాలు జరిపి గూళ్లలో కూడా తడి మిరపకాయలు పరిచి ఉన్నాయి. సగానికి పైగా తెల్లబడ్డాయి. మిర్చక్క తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె చాయ్ గ్లాసు చేతికిచ్చి మెల్లగా అడిగింది. "గన్ని కాయితాలు రాసినవు గద తమ్మీ. వాన పడ్తె కాయ తడుస్తదని రాసినవా?"

ఫోన్‌లో తెరిచి చూశాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. గంజి ఉంది, చిరుగులు ఉన్నాయి, దగ్గు ఉంది, ఆఖరి పేజీలో కల్లం కావాలని ఉంది. వాన లేదు. తడిసిన కాయ ఎక్కడా లేదు. కల్లం ఎందుకో వాళ్లు నాకు చెప్పిన ఒకే ఒక్క మాటను నేను రాయలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"రాయలేదక్కా."

"సరే తీ. ఇప్పుడు రాయి," అంది. అక్కడే పిల్లల నోటుబుక్కులో ఆమె చెబుతుంటే రాసుకున్నాను. మేం మిర్చి పండిస్తం. నేల మీద పోస్తె వానకు తడిసి తాలైతది. గచ్చు వేసి రేకులు కప్పితె తడువది. మిగిలింది మేం సూసుకుంటం. నాలుగే మాటలు. అవే ఇంగ్లీషులో పెట్టి, క్షమాపణ కలిపి మేడంకు పంపాను. జవాబు రాలేదు.

ఇప్పుడు నేను జనగామలో కుర్రకారుకు ప్రపోజల్స్ రాయడం నేర్పుతుంటాను. నవ్వకండి, నిజమే. వాళ్లు నన్ను సార్ అంటారు, నోట్స్ రాసుకుంటారు. నా వల్ల తర్వాత చాలా ఊళ్లకు చాలా పనులు మంజూరయ్యాయి. ఎన్నిసార్లు రాసినా ఆ ఒక్క ఊళ్లో మాత్రం కాయ ఇంకా నేల మీదే ఆరుతోంది. కోతల కాలంలో మబ్బు కమ్మితే పాఠం మధ్యలో ఆపి బయటికొచ్చి మిర్చక్కకు ఫోన్ చేస్తాను.

"కప్పినం తీ తమ్మీ, కాయ మీద పట్టలన్ని కప్పినం," అంటుంది రొప్పుతూ. వెనక ఆడవాళ్ల కేకలు, గాలి చప్పుడు. ఆ పైన నవ్వుతుంది. "నువ్వైతె ఏం రాయకు."

నేనూ నవ్వుతాను. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు లోపలికి వెళ్లను. అక్కడే నిలబడి వాన పడుతుందా అని చూస్తుంటాను.