పద్నాలుగు కిలోలు

అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నా రక్తం ఆమెకు సరిపోయింది, నా ఒళ్లే అడ్డొచ్చింది. "పద్నాలుగు కిలోలు తగ్గి రండి, అప్పుడు మీ కిడ్నీ తీసుకునే సంగతి చూద్దాం" అన్నాడు హైదరాబాదు డాక్టరు. తిరుగు బస్సులో నాకు నవ్వొచ్చింది. నారాయణఖేడ్ మార్కెట్‌లో బస్తాలు తూచడమే నా పని. రోజూ క్వింటాళ్లు చూసేవాడికి పద్నాలుగు కిలోలు ఒక లెక్కా అనుకున్నాను.

మర్నాటి నుంచే మొదలుపెట్టాను. పొద్దున్నే కంగ్టి రోడ్డు మీద నడిచేవాణ్ని. అన్నం మానేశాను, చాయ్‌లో చక్కెర మానేశాను. రైతులు రాకముందే బస్తాల కాంటా ఎక్కి, ఎవరూ చూడకుండా దిగేవాణ్ని. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గాను. కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. అంతలో కందుల సీజను వచ్చి నడక ఆగింది. మార్కెట్ గేటు దగ్గర మిర్చి బజ్జీల బండి ఉండనే ఉంది. పెళ్లిళ్లని, ఎండలని, వానలని వాయిదా వేస్తూ పోయాను. ప్రతి సోమవారం కొత్తగా ఒట్టు పెట్టుకునేవాణ్ని. మంగళవారం దాకా నిలిచినవి తక్కువ. తగ్గిన నాలుగూ తిరిగొచ్చాయి, వెంట ఇంకో రెండిటిని తెచ్చుకున్నాయి.

అక్క వారానికి మూడు రోజులు మనూర్ నుంచి బస్సులో మా ఊరి దవాఖానకు వస్తుంది. డయాలసిస్ మిషన్ పెట్టేముందు ఆమెను తూస్తారు, తీశాక మళ్లీ తూస్తారు. ఒంట్లో చేరిన నీళ్లు లాగేస్తారు కనుక ప్రతిసారీ రెండు కిలోలు తగ్గి లేస్తుంది. ఆమె అలా తగ్గుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని నేను పెరిగాను. సిగ్గు లేదా అంటే ఉంది. సిగ్గుతో ఆకలి చావదు.

పైగా అక్క తెచ్చే డబ్బా ఒకటి. వచ్చినప్పుడల్లా నాకోసం నాలుగు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, నెయ్యి తెచ్చేది. సూదులు గుచ్చే ఎడమచేతికి బరువు తగలనివ్వకుండా కుడిచేత్తోనే రొట్టెలు తట్టేది, అందుకే ఒక అంచు మందంగా వచ్చేది. ఆ పల్లీల పొడి తను ముట్టకూడదు. నీళ్లు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. నేను తింటుంటే మాత్రం కళ్లారా చూసేది.

ఒకరోజు నాకు కోపమొచ్చింది. "అక్కా, ఇగ డబ్బా తేకు. నువ్వు గిట్ల నెయ్యి పోసి పెడితే నేనెప్పుడు సన్నగైత?"

ఆమె మంచం మీద నుంచే నింపాదిగా చెప్పింది. "నువ్వు సన్నగైతే నీ కడుపు కోస్తరు. నీ పిల్లలింకా చిన్నోళ్లు. నేనెందుకు తెస్తున్ననో నీకెర్క లేదా? తిను తమ్మీ."

"లేదక్కా, నేనిస్త" అనాలి నేను. డబ్బా పక్కన పెట్టేసి లేవాలి. కానీ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇన్నాళ్లూ నన్ను ఓడించింది బజ్జీలు కావని, కత్తి భయమని అప్పుడు నాకే తెలిసింది. మూత తీసి నాలుగు రొట్టెలూ తిన్నాను.

ఒట్లు మాత్రం మానలేదు. మానితే నిజం ఒప్పుకున్నట్టవుతుంది. ఇప్పటికీ సోమవారాలు నడుస్తాను, మొదటి మలుపు దాకా. ఎంత తగ్గావని అక్క అడగదు.

ఈ మధ్య డబ్బాలో రెండే రొట్టెలు ఉంటున్నాయి. మొన్న ఒక్కటే ఉంది, అంచు సరిగా కాలలేదు. "చెయ్యి లేస్తలేదురా" అంది, తనేదో తప్పు చేసినట్టు. ఆ పచ్చి అంచు కూడా తినేసి, మార్కెట్‌కు పోయి కాంటా ఎక్కాను. కిలో తగ్గాను. డబ్బా రావడం పూర్తిగా ఆగిపోతే పద్నాలుగూ తగ్గుతానేమో. అప్పుడు నా కిడ్నీ ఎవరికీ అక్కర్లేదు.