ఎస్తేరమ్మ అప్పగింతలు

సాయంత్రం పూట ఫినాయిల్ వాసన వస్తే నాకు దిగులు పుడుతుంది. కాలు విరిగి ఈ ఆసుపత్రిలో మంచమెక్కినప్పటి నుంచి రోజూ ఇదే తంతు. నేల తుడుస్తారు, పగటి నర్సు వెళ్లిపోతుంది, రాత్రి నర్సు వస్తుంది. ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి ఏవో రెండు ముక్కలు చెప్పుకుంటారు. అందులో నా గురించి ఏముందో నాకు తెలియదు. నన్ను చూడటానికి వచ్చేవాళ్లు లేరు. ఆ వేళకు నాకు ఎస్తేరమ్మ గుర్తొస్తుంది.

నిజాం కాలంలో, వనపర్తి దగ్గర, మతి చెదిరిన ఆడవాళ్ల వార్డులో ఆమె పెద్ద నర్సు. నేను గద్వాల నేతగాళ్ల పిల్లను. మొగుడు పోయాక మగ్గం దగ్గర కూర్చోబుద్ధి కాక అక్కడ ఆయాగా పనికి కుదిరాను. ఎస్తేరమ్మకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ సంగతి ఆమె చెప్పేది కాదు, మేము అడిగేవాళ్లం కాదు. నవ్వాలన్నా ఎవరినో అడిగి నవ్వాలన్నట్టు ఉండేది మనిషి.

అప్పట్లో మేమూ పూట మారేటప్పుడు రోగులను గుమ్మం దగ్గరే అప్పజెప్పుకునేవాళ్లం. చీకటి పడకముందే ఇల్లు చేరాలని తొందర. "అందరు మంచిగనే ఉన్నరు" అనేస్తే పని అయిపోయేది. ఒకరోజు పగటి ఆయా అలాగే అని వెళ్లిపోయింది. పాన్‌గల్ నుంచి వచ్చిన ఈరమ్మ, వెనక అడుగుల చప్పుడైతే చాలు, పొద్దుటి నుంచి ఉలిక్కిపడుతోందని చెప్పనే లేదు. తర్వాత వచ్చిన ఆయా అన్నం పళ్లెంతో వెనక నుంచి వెళ్లి భుజం తట్టింది. ఈరమ్మ ఆమె ముఖం రక్కేసింది. ఈరమ్మను మంచానికి కట్టేశారు. ఇంకోసారి ఇలా జరిగితే దూరాన ఉన్న పెద్ద పిచ్చాసుపత్రికి పంపేస్తానన్నాడు డాక్టరు. అక్కడికి పోయినవాళ్లు తిరిగి రావడం మేము చూడలేదు.

మర్నాడు ఎస్తేరమ్మ కట్లు విప్పించి మమ్మల్నందరినీ ఆ మంచం దగ్గరకు పిలిచింది. పెళ్లిలో పిల్లను అప్పగించినట్టు ఈరమ్మ చేయి తీసి నా చేతిలో పెట్టింది.

"ఎనక నుంచి పోతే బెదురుతది. ముందలికొచ్చి పేరు పెట్టి పిలువు. గంజి తాగింది, అన్నం ముట్టలే. ఈరమ్మా, ఇంకేమన్న చెప్పాల్నా?"

ఈరమ్మ గోడకేసి ముఖం తిప్పుకుంది.

"గామెకేం తెలుస్తదమ్మా?" అన్నాను.

"తెల్వకుంటే పాయె. ఆమె సంగతి ఆమె ముందల చెప్పాలె గద."

అప్పటి నుంచి రెండు పూటలా అదే పద్ధతి. ప్రతి మంచం దగ్గరా ఆగాలి, చేయి చేతిలో పెట్టాలి, ఆ మనిషి వింటుండగా చెప్పాలి. ఎస్తేరమ్మ రోజూ పెళ్లిళ్లు చేయిస్తోందని మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. అయితే ఈరమ్మను మళ్లీ కట్టేయాల్సిన అవసరం రాలేదు. పెద్దాసుపత్రి మాట డాక్టరు మరిచేపోయాడు.

వయసు మీద పడి ఎస్తేరమ్మ పని మానుకున్న రోజున, అందరి చేతులూ ఒక్కొక్కటిగా నా చేతిలో పెట్టింది. తర్వాత రేకు పెట్టె పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"యాడికి పోతవమ్మా?" అని అడిగాను.

"తెల్వదు బిడ్డా. చూస్త."

అప్పుడు ఈరమ్మ మంచం దిగింది. పక్కగా చుట్టి వచ్చి ఎస్తేరమ్మ ఎదుట నిలబడి, పేరు పెట్టి పిలిచింది. ఆమె చేయి తీసి నా చేతిలో పెట్టింది.

"ఈమెకు ఎవ్వరు లేరు. పొద్దుగాల్నుంచి ఏం తినలే. జర చూసుకో."

ఎస్తేరమ్మ ఏడవడం నేను చూసింది అప్పుడే. ఆమె నాతో పాటు నా గదికే వచ్చింది. పోయేదాకా నా దగ్గరే ఉంది.

గుమ్మం దగ్గర నర్సుల మాటలు అయిపోయినట్టున్నాయి. చేయి పట్టుకోమని అడగాలంటే నాకు మొహమాటం. అందుకే రోజూ ఈ వేళకు చేయి దుప్పటి బయట పెట్టుకుని పడుకుంటాను.